మూడో మెట్టు

“ఇక్కడ ఒక్క సంతకం చేస్తే చాలండి అయ్యగారూ. మిగతాది సంఘం చూసుకుంటుంది.”

కొత్త పాస్టరు కాగితాన్ని టీపాయ్ మీద పెట్టి, అది ఎగిరిపోకుండా దాని మీద తన కలం పెట్టాడు. ఫ్యాను తిరగడం లేదు. కిటికీలు మూసే ఉన్నాయి. ఎగిరిపోవడానికి ఈ గదిలో ఇంకేమైనా మిగిలి ఉంటే అది తన పరువే అనుకుంది పాస్టరమ్మ.

పెద్దాయన కాగితం వంక చూడలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ సంఘానికి కాపరిగా ఉండి, పోయిన ఆదివారమే చప్పట్ల మధ్య పదవి దిగిన మనిషి, ఇప్పుడు తన చేతి వేళ్ళని తానే కొత్తగా చూస్తున్నట్టు కూర్చున్నాడు.

“చదివి వినిపించు బాబూ,” అంది పాస్టరమ్మ.

“పెద్ద అక్షరాలతోనే రాయించామమ్మా. మీరే చదువుకోవచ్చు.”

“నా కళ్ళు బాగానే ఉన్నాయి. రాసినవాళ్ళ నోట వినాలని ఉంది.”

కొత్త పాస్టరు పక్కనున్న సంఘం సెక్రటరీ వైపు చూశాడు. సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళో పంపులూ పైపులూ అమ్మే దుకాణం ఆయనది. దుకాణంలో నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినిపించే మనిషికి ఇక్కడ గొంతు పెగల్లేదు.

“స్త్రీల బాప్తిస్మముల విషయములో నా భార్య నాకు తెలియకుండ, నా అనుమతి లేకుండ నీళ్ళలోకి దిగి, దైవసేవకుడు చేయవలసిన పనిని తాను చేసినదని, కావున ఆ బాప్తిస్మములు చెల్లవని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను…”

“తెలియకుండా?”

పాస్టరమ్మ కాగితం వైపు వేలు చూపించింది.

“ఆయన తొట్టిలో మూడో మెట్టు మీద నిలబడి ఉన్నారు. నేను నడుం లోతు నీళ్ళలో ఉన్నాను. మా ఇద్దరి మధ్య మూరెడు దూరం లేదు. ఆయన బాప్తిస్మం మాట పలికితే నేను ముంచి లేపాను. ఆయనకి తెలియకుండా ఎలా చేశానయ్యా? ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే దొంగతనంగా ముంచేశానా మనుషుల్ని?”

సెక్రటరీకి నవ్వు రాబోయింది. దాన్ని దగ్గులోకి మార్చుకున్నాడు.

అసలు ఈ గొడవంతా పొగడ్తతో మొదలైంది. వీడ్కోలు సభలో టైలరమ్మ మైకు పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, “నన్ను నీళ్ళలో ముంచి లేపిన చేతులు మా పాస్టరమ్మగారివే” అని సాక్ష్యం చెప్పింది. మెచ్చుకుంటారనుకుంది పిచ్చిది. అప్పటిదాకా చప్పట్లు కొడుతున్న కొత్త పాస్టరు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. సోమవారానికి అది విచారణ అయింది. గురువారానికి తీర్మానం అయింది. ఇదిగో, శనివారం మధ్యాహ్నానికి కాగితమై ఇంటికొచ్చింది.

“అప్పట్లో తెర వేసి ఉండేది కదమ్మా,” అన్నాడు సెక్రటరీ. “లోపల ఏం జరిగిందో సంఘానికి కనిపించేది కాదు.”

“తెర ఎందుకు వేశాం? తడిసిన ఆడవాళ్ళని మీరంతా గుడ్లప్పగించి చూడకుండా వేశాం. సరే, సంఘానికి కనిపించలేదు. నీకు వినిపించలేదా? తొట్టికి నీళ్ళు పట్టింది నువ్వు. ‘నీళ్ళు చల్లగా ఉన్నాయా అమ్మగారూ, ఇంకో వేడి బకెట్ పోయనా’ అని తెర అవతలి నుంచి అడిగిందెవరు? గట్టు మీద పొడిబట్టలతో నిలబడ్డదాన్ని పట్టుకుని చల్లగా ఉన్నాయా అని అడిగావా?”

“అది… ఎప్పటి సంగతో…”

“మీ ఆవిడ దిగిన రోజు సంగతే. ఆవిడ బాప్తిస్మం చూసే కదా నీ పెళ్ళి మన మందిరంలో చేశారు? అది చెల్లకపోతే పెళ్ళి చెల్లుతుందా? ఇంటికెళ్ళి ఆవిణ్ణి అడుగు. ముందు ఆవిడ సంతకం పట్రా.”

సెక్రటరీ తన కుర్చీని కొత్త పాస్టరు వెనక్కి జరుపుకున్నాడు.

కొత్త పాస్టరు మాత్రం చెక్కు చెదరలేదు. చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. అరిచేవాళ్ళతో పాస్టరమ్మ ఎన్నో ఏళ్ళుగా వేగింది. ఇలా మెత్తగా మాట్లాడి మెడ మీద కత్తి పెట్టేవాళ్ళతో ఎలా వేగాలో ఆమెకి ఇంకా అలవాటు కాలేదు.

“అమ్మగారూ, ఇది మీ మీద కోపం కాదు. సంఘ క్రమం. మాట ఒకరిది, చేయి ఒకరిది అయితే అది బాప్తిస్మం ఎలా అవుతుంది?”

“మా సేవంతా అలాగే నడిచింది బాబూ. మాట ఆయనది, చేయి నాది. రోగుల మంచాల పక్కన ఆయన ప్రార్థన చేశారు, నేను పక్కబట్టలు మార్చాను. చావు ఇంట్లో ఆయన వాక్యం చెప్పారు, నేను శవానికి స్నానం చేయించాను. అవి కూడా రద్దు చేస్తారా? దానికింకో కాగితం తెచ్చారా?”

“ఆ మాట ఎవరన్నారమ్మా?”

“పోనీ, చనిపోయినవాళ్ళ సంగతేంటి? నా చేతుల మీదుగా దిగిన ముసలమ్మలు ఇరవై మంది దాకా సమాధుల్లో ఉన్నారు.”

“వాళ్ళ సంగతి దేవుడు చూసుకుంటాడు.”

“బతికున్నవాళ్ళని చూసుకోవడం ఆయనకి చేతకాదా మరి?”

కొత్త పాస్టరు ముఖం మొదటిసారి ఎర్రబడింది. ఇక ఆమెతో కాదని తేల్చుకుని పెద్దాయన వైపు తిరిగాడు.

“అయ్యగారూ, మిమ్మల్ని గౌరవ పాస్టరుగా ఉంచాలని కమిటీ అంతా ఒక్క మాట మీద ఉంది. నెలకో ఆదివారం వాక్యం మీరే చెప్పాలి. ఈ ఒక్క మరక తుడిచేస్తే చాలు. రేపు ఆరాధనలోనే ఆ ఆడవాళ్ళందరికీ నేను మళ్ళీ బాప్తిస్మం ఇస్తాను. దిగనివాళ్ళకి ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునే చోటు ఉండదు. నాకిష్టమై కాదు, క్రమం.”

మరక! పాస్టరమ్మ ఒళ్ళు భగ్గుమంది. ఆమె భర్త వైపు చూసింది. ‘ఇప్పుడైనా’ అనుకుంది. ఒక్క మాట. ‘నాకు తెలిసే జరిగింది’ అన్న ఒక్క మాట. వేల ఆదివారాలు గంటల తరబడి మాట్లాడిన నోటికి అది ఒక లెక్కా?

“ప్రార్థన చేసుకుని చెప్తాను,” అన్నాడు పెద్దాయన.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర సెక్రటరీ ఆగాడు. చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, నేల చూపులు చూస్తూ అన్నాడు.

“అమ్మగారూ… ఆ బాప్తిస్మం గౌన్ల పెట్టె… రేపటికి కావాలి.”

ఎంత ధైర్యం! ఆమె చేతులు చెల్లవు గానీ ఆ చేతులు కుట్టిన గౌన్లు చెల్లుతాయి.

ఆ గౌన్లు ఆమె ఎలా కుట్టిందో సంఘంలో ఆడవాళ్ళకే తెలుసు. మామూలు గౌను నీళ్ళలోకి దిగగానే గొడుగులా పైకి తేలుతుంది. అందుకని దళసరి తెల్లగుడ్డ రెండు పొరలు వేసి, కింది అంచు మడతలో జానెడుకో గులకరాయి పెట్టి కుట్టేసింది. రాయి బరువుకి గౌను కాళ్ళని అంటిపెట్టుకునే ఉంటుంది. ఏ ఆడమనిషీ సిగ్గుతో చితికిపోకుండా దిగి, సిగ్గుతో చితికిపోకుండా పైకొచ్చింది.

ఇవ్వను అనాలని నోటిదాకా వచ్చింది. కానీ ఇవ్వకపోతే రేపు వాళ్ళు దేంతో దిగుతారు? పాస్టరమ్మ లోపలికి వెళ్ళి పెట్టె ఈడ్చుకొచ్చి సెక్రటరీ ముందు పెట్టింది.

“అంచులు చూసి పట్టుకో. రాళ్ళున్నాయి,” అంది.

*

కూతురు డ్యూటీ దిగి వచ్చేసరికి నాలుగైంది. ఆసుపత్రిలో నర్సు. రోజంతా నోరులేని రోగుల తరఫున డాక్టర్లతో పోట్లాడి, ఇంటికొచ్చి ఇక్కడ ఇంకో నోరులేని రోగిని చూసింది.

“నాన్నా, ఈ కాగితం ఇంకా చింపకుండా ఎందుకుంచావు?”

“సంఘంలో శాంతి, సమాధానం ఉండాలమ్మా.”

“సమాధానం కాదు, నీ దగ్గర జవాబు లేదు. అమ్మ నీకు తెలియకుండా చేసిందా?”

“చిన్నగా మాట్లాడు.”

“ఎందుకు చిన్నగా? వాళ్ళు రేపు మైకులో చదువుతారు!”

“నా భుజం సంగతి అందరికీ తెలిసిందే. బాగోలేక దిగలేదు. అంతే.”

“అదే నేనూ అడుగుదామనుకుంటున్నాను.” కూతురు బ్యాగు కింద పడేసింది. “ఏ భుజం నాన్నా? కుడిదా, ఎడమదా? పోయిన నెల ఇనప మంచం కుడి చేత్తో ఎత్తి మేడ మీదకి మోశావు. నేను కిందనుంచి పట్టుకునేలోగా నువ్వు పైకెళ్ళిపోయావు. ముప్పై ఏళ్ళుగా పట్టేసిన భుజాలు ఎలా ఉంటాయో నేను రోజూ చూస్తున్నాను. అలా ఉండవు.”

పెద్దాయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

“అమ్మా, ఆయన భుజానికి ఏమైంది?”

“వదిలెయ్.”

“అమ్మా!”

“వదిలెయ్ అన్నానా!”

వదిలెయ్యమనకపోతే ఇంకేమంటుంది? ఆ భుజాన్ని కనిపెట్టింది తనే.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి మాట. అప్పుడు ఆయనే నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చేవాడు. ఒక రోజు కాలేజీలో చదివే పిల్ల ఒకతి దిగింది. ముంచగానే బెదిరిపోయి తన్నుకుంది. ఆయన చేతుల్లోంచి జారి తొట్టి అడుక్కి వెళ్ళింది. ఆయన కదల్లేదు. నీళ్ళలో బుడగలు వస్తుంటే చూస్తూ కొయ్యలా నిలబడిపోయాడు. గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డ పాస్టరమ్మ తువ్వాలుతో సహా దూకింది. కడుపులో ఈ కూతురు ఐదో నెల. పిల్లని జుట్టు పట్టుకుని లేపి, గట్టు మీద వేసి, నీళ్ళు కక్కించింది.

పిల్ల బతికింది. ఆయనే మళ్ళీ నీళ్ళ జోలికి పోలేకపోయాడు. తర్వాతి బాప్తిస్మం నాడు మూడో మెట్టు దాకా దిగి, అక్కడే ఆగిపోయాడు. తెర అవతల సంఘం పాట పాడుతోంది. లోపల ముగ్గురాడవాళ్ళు చలికి ముడుచుకుని ఎదురుచూస్తున్నారు. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె దిగింది. ఆయన నీళ్ళలోకి దిగలేదేమని ఆ సాయంత్రం కమిటీ పెద్దలు అడిగితే, “నిచ్చెన మీంచి పడ్డారు, భుజం పట్టేసింది” అని చెప్పింది. మగవాళ్ళకి ఇవ్వాల్సి వస్తే పక్క సంఘం పాస్టరుని పిలిపించేవారు. భుజం కథ అందరూ నమ్మారు. తెర లోపల ఆడవాళ్ళని ముంచి లేపుతున్నదెవరని ఎవరూ తరచి అడగలేదు.

సేవలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. దాన్ని మోసింది కూడా ఆమే. ఇప్పుడు నోరు తెరిచి నిజం చెబితే తన మీద పడ్డ నింద పోతుంది. కానీ, ‘భయపడకుడి’ అని వేలసార్లు బోధించిన మనిషి నడుం లోతు నీళ్ళకి భయపడి పెళ్ళాం చాటున దాక్కున్నాడని ఊరంతా నవ్వుతుంది.

ఇంతలో గేటు చప్పుడైంది. టైలరమ్మ. మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి పరిగెత్తుకొచ్చినట్టుంది.

“అమ్మగారూ, నన్ను చెప్పుతో కొట్టండి. నా నోరే నాకు శత్రువైంది.”

“నువ్వు నిజమే చెప్పావు. నిజం చెప్పినందుకు కొట్టాలంటే చెప్పులు చాలవు. కూర్చో.”

టైలరమ్మ కూర్చోలేదు. “రేపు దిగాలా వద్దా చెప్పండి. దిగితే మీరిచ్చింది అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు. దిగకపోతే బల్ల దగ్గరికి రానివ్వరట. మా అమ్మ డెబ్బై రెండేళ్ళ వయసులో మీ చెయ్యి పట్టుకుని దిగింది. గుర్తుందా? ‘నీ చెయ్యి వదలకే తల్లీ’ అని ఒకటే గోల. మీరు వదల్లేదు. పోయినేడు నవ్వుతూ పోయింది అమ్మగారూ. ఇప్పుడు ఆవిడ ఎవరి చెయ్యి పట్టుకుని దిగాలి?”

పాస్టరమ్మ పెరటి వైపు చూసింది. గుమ్మానికి అవతల పెద్దాయన నీడ కనిపిస్తోంది. అంతా వింటూనే ఉన్నాడు. నీడ కదల్లేదు.

“దిగు,” అంది చివరికి. “నా కోసం బల్ల దగ్గర నీ చోటు పోగొట్టుకోకు. వాళ్ళకి కావలసింది నీళ్ళే కదా. ఒళ్ళు తడవనీ.”

*

ఆదివారం పొద్దున్న ఆమె లేచేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. టీపాయ్ మీద కాగితం లేదు. కలం మూత మాత్రం ఉంది.

ప్రార్థనకి ముందే వెళ్ళుంటాడు అనుకుంది. కాగితం వాళ్ళ ముఖాన కొట్టడానికి వెళ్ళుంటాడు. మనిషికి ఆశ ఎంత సిగ్గులేనిదో మందిరంలో అడుగు పెట్టేదాకా ఆమెకి తెలియలేదు.

తొట్టి మందిరంలోనే, వేదికకి ఎడమ పక్కన. నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఎప్పుడూ ఉండే తెర లేదు. కడ్డీ మాత్రం బోసిగా వేలాడుతోంది. ఆ పక్కన తెల్లగౌన్లలో నలభై మంది దాకా ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు టైలరమ్మ. మగవాళ్ళ బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి.

“తెర ఏది?” పాస్టరమ్మ నేరుగా సెక్రటరీని అడిగింది.

“కొత్త అయ్యగారే వద్దన్నారమ్మా. ఇకనుంచి అన్నీ అందరి ఎదుటా జరగాలన్నారు. దాపరికం వద్దని…”

“తడిబట్టలతో పైకొచ్చే ఆడవాళ్ళని మూడొందల మంది చూడటం క్రమమా?”

“మీరు కూర్చోండమ్మా. మొదలవుతోంది.”

పెద్దాయన వేదిక మీద, ముందు కుర్చీలో ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ఆమె వైపు చూడలేదు. అప్పుడే ఆమెకి అర్థమైంది.

సెక్రటరీ మైకు ముందుకొచ్చి కాగితం చదివాడు. నిన్న పెగలని గొంతు ఇవాళ ఖంగుమంది. నాకు తెలియకుండ. నా అనుమతి లేకుండ. చివర్లో, “అని అయ్యగారు స్వహస్తాలతో సంతకం చేశారు” అన్నాడు. ఆడవాళ్ళ వరసలో ఎవరో వెక్కారు. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో “పాపం పెద్దాయన” అన్నారు.

పాపం పెద్దాయన!

పాస్టరమ్మ లేచింది. కూతురు చెయ్యి పట్టుకోబోయింది. అందలేదు. చెప్పులు గట్టు పక్కన వరసగా విడిచింది. మొదటి మెట్టు. రెండు. మూడు. ఆ మూడో మెట్టు ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు, దాని అంచు అరిగి కాస్త పల్లంగా ఉంటుంది. దాన్ని దాటి అడుక్కి దిగి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, ఇటు తిరిగింది. ఆమె ఒంటి మీద ఉన్నవి మామూలు బట్టలు. అంచుకి రాళ్ళు లేవు. గుడ్డ నీళ్ళ మీద తేలింది. ఒక చేత్తో దాన్ని అణిచి పట్టుకుంది.

“ఏమండీ.”

మందిరంలో తలలన్నీ అటు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఆ నాలుగు గోడల మధ్య ఆమె ఆయన్ని ‘అయ్యగారూ’ అనే పిలిచింది. ‘ఏమండీ’ అన్నది ఇంట్లో మాట.

“మీకు తెలియకుండా చేశానన్నారుగా. సరే. ఇవాళ తెలిసే జరగనివ్వండి. వీళ్ళందరికీ మీరే ఇవ్వాల్సింది, ఎవరో ఎందుకివ్వాలి? దిగండి. ముందు నన్ను ముంచి లేపండి. తర్వాత వాళ్ళు దిగుతారు.”

కొత్త పాస్టరు కంగారుగా ముందుకొచ్చాడు. “అమ్మగారూ, ఇదేం పని? పైకి రండి. పెద్దాయన భుజం…”

“ఆయన భుజానికేం లేదు బాబూ.”

ముప్పై ఒక్క ఏళ్ళు మోసిన అబద్ధాన్ని ఆమె అంత మామూలుగా దించేసింది. బెంచీల్లో గుసగుసలు లేచాయి. సెక్రటరీ నోరు తెరుచుకుంది. కూతురు లేచి నిలబడింది.

“ఏనాడూ ఏం లేదు,” అంది పాస్టరమ్మ. “ఎందుకు దిగలేదో ఆయన్నే చెప్పమనండి. నేను చెప్పను. నేను చెప్పాల్సింది ఆనాడే చెప్పేశాను.”

పెద్దాయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. సంఘమంతా ఆయన్నే చూస్తోంది. వేదిక దిగి తొట్టి గట్టు దాకా వచ్చాడు. చెప్పులు విడిచాడు. ఆమె చెప్పుల పక్కనే పెట్టాడు. మొదటి మెట్టు దిగాడు. ప్యాంటు అంచు తడిసింది. రెండో మెట్టు దిగాడు. గట్టుని రెండు చేతులా పట్టుకోవడం టైలరమ్మకి కూడా కనిపించింది.

పాస్టరమ్మ రెండో చెయ్యి కూడా చాచింది. బట్టలు నీళ్ళ మీదకి తేలిపోతే తేలిపోనీ అనుకుంది.

ఆయన మూడో మెట్టు మీదకి వచ్చి, ఎప్పుడూ ఆగే చోటే ఆగాడు. ఈసారి అడ్డంగా తెర లేదు.